టెన్షన్ మొదలైందని ఎట్లా తెలుస్తుంది? మా మెడికల్ షాపు కౌంటర్ దగ్గర జనాలు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో మెడికల్ షాపు పెట్టి నాకు పదిహేడేళ్లు దాటింది. ఇన్నేళ్లు కౌంటర్‌కి ఈ పక్క నిలబడి చూస్తే ఒకటి బాగా అర్థమైంది, మా సైడు స్ట్రెస్ అనేది తన పేరు చెప్పుకొని రాదు. గ్యాస్ అని వస్తుంది, నరాల వీక్‌నెస్ అని వస్తుంది, "తలకాయ పట్టేసినట్టుందప్పా" అని వస్తుంది, ఇంకొంచెం ముదిరినాక "నిద్రకి ఏదన్నా ఉంటే ఇయ్యి" అని వస్తుంది. అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతుంటారు కాబట్టి అన్నీ ఒకచోట రాసిపెడదామని కూర్చున్నా.

నువ్వు డాక్టర్ కాదు కదా, నీకెట్లా తెలుసు?

కాదు. బీఫార్మసీ చదివినా, అంతే. రోగం ఏందో తేల్చడం నా పని కాదు, ఆ పని చేయను కూడా. కానీ ఒకే మనిషి నెలలో నాలుగుసార్లు గ్యాస్ మాత్రకీ రెండుసార్లు తలనొప్పి మాత్రకీ వచ్చినాడంటే డాక్టర్ కన్నా ముందు నాకే కనిపిస్తుంది కదా. డాక్టర్ దగ్గరికి పోయేది చివర్లో, మెడికల్ షాపుకి వచ్చేది మొదట్లో.

టెన్షన్, స్ట్రెస్, డిప్రెషన్ అన్నీ ఒకటేనా?

కాదు. మన మాటల్లో అన్నిటికీ టెన్షనే. బస్సు మిస్సయినా టెన్షనే, కూతురి పెళ్ళి కుదరకపోయినా టెన్షనే. స్ట్రెస్ అంటే మీద పడిన బరువుకి ఒళ్ళూ మనసూ కలిసి ఇచ్చే జవాబు, బరువు దిగితే అదీ మెల్లగా దిగుతుంది. డిప్రెషన్ అట్లా కాదు, బరువు ఉన్నా లేకపోయినా మనసు లేవదు, ఇష్టమైన పని మీద కూడా ఇష్టం ఉండదు, రెండు వారాలు, అంతకు మించి దాదాపు రోజంతా అట్లే ఉంటుంది, అది జబ్బు, దానికి వైద్యం ఉంది. మొదటిదాన్ని ఏళ్ళ తరబడి పట్టించుకోకపోతే రెండోదానికి దారి ఇచ్చినట్టే. ఈ రెండిటి మధ్యలో మా అనంతపురం మాట ఒకటుంది, బేజారు. "ఏమో అన్నా, శానా బేజారుగా ఉంది" అని ఎవరైనా రెండు మూడుసార్లు అంటే నేను కొంచెం చెవి పెట్టి వింటాను.

టెన్షన్ మనసుది కదా, మరి కడుపెందుకు మండుతుంది?

దీనికి కొంచెం వెనక్కి పోవాలి. వందేళ్ళ కిందట అమెరికాలో వాల్టర్ కానన్ అనే ఆయన ఒకటి గమనించినాడు, జంతువుకి ప్రాణభయం కలిగితే ఒళ్ళు తిరగబడడానికో పరిగెత్తడానికో రెడీ అయిపోతుందని. కిడ్నీల మీద టోపీ పెట్టినట్టు అడ్రినల్ గ్రంథులని రెండుంటాయి, అవి అడ్రినలిన్ వదుల్తాయి, గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాల వైపు పోతుంది. పాము కనపడినప్పుడు సంగటి అరిగించుకునే పని ఎవరికీ ఉండదు కాబట్టి కడుపుకి రక్తం తగ్గిపోతుంది, అరుగుదల మందగిస్తుంది. పాము పోయినాక అంతా మామూలే. మరి మన పాము ఏంది? బ్యాంకోళ్ళ ఫోను, పిల్లోడి ఫీజు, నీళ్ళు రాని బోరు. అవి పోవు కదా, పొద్దున లేస్తే అక్కడే ఉంటాయి. ఇంకప్పుడు కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ కూడా ఎక్కువగానే తిరుగుతుంటుంది, కడుపుబ్బరం, మంట, కొంతమందికి అన్నం తినంగానే బాత్రూంకి పరిగెత్తడం, ఇవన్నీ అక్కడినుంచి రావచ్చు.

1936లో హాన్స్ సెల్యే అనే ఆయన ఎలుకల మీద ప్రయోగాలు చేసి రాసినాడు, ఒత్తిడి మీద పడితే ఒళ్ళు మూడు దశల్లో పోతుందని. మొదట గంట కొట్టినట్టు ఉలిక్కిపడుతుంది, తర్వాత సర్దుకొని తట్టుకుంటుంది, ఆఖరికి అలిసిపోయి చతికిలబడుతుంది. నాకు భయం వేసేది ఆ మధ్య దశే. "అలవాటైపోయిందిలే" అంటారు చూడండి, అదే అది.

సరే, మొట్టమొదట కనిపించే గుర్తులేవి?

ఇది బాగా అడుగుతారు, దీనికి ఒకే లిస్టు లేదు, ఒక్కో మనిషికి ఒక్కో చోట మొదలవుతుంది. నేను చూసినవి చెప్తా. తెల్లవారుజామున మూడు మూడున్నరకి మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం, ఇది శానా మందికి మొదటి గుర్తు. కార్టిసాల్ మామూలుగానే రాత్రి చివరి భాగంలో పెరగడం మొదలుపెడుతుంది, మనసు ప్రశాంతంగా ఉంటే తెలీకుండా నిద్రలో పోతుంది, లేకపోతే టక్కున కళ్ళు తెరుచుకుంటాయి, ఇంక ఫ్యాను చూస్తూ లెక్కలు వేసుకోవడమే. రెండోది మెడ, భుజాలు, దవడ. నిద్రలో పళ్ళు కొరికి పొద్దున్నే దవడ నొప్పితో లేచి పన్ను పాడైందేమో అనుకొని పళ్ళ డాక్టర్ దగ్గరికి పోయినవాళ్ళున్నారు.

కోపం గురించి వేరేగా చెప్పాలి, ఎందుకంటే మగవాళ్ళలో దీన్ని గుర్తు కింద ఎవరూ లెక్కెయ్యరు. నెమ్మదస్తుడు అని పేరున్న ఆటో ఆయన ఒకడు రోజూ షాపు ముందు ఆపేవాడు, ఒకరోజు చిల్లర ఒక రూపాయి తక్కువ వచ్చిందని మా కుర్రోడి మీద అరిచినాడు, మూడు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి గ్యాస్ మాత్ర అడిగినాడు. కూర్చోబెట్టి టీ ఇప్పించి అడిగితే బండి ఫైనాన్స్ రెండు కంతులు ఆగినాయంట. కోపమూ ఆ గ్యాసూ రెండూ ఆ రెండు కంతులే.

ఇంకా ఉన్నాయి. పెట్టిన వస్తువు ఎక్కడ పెట్టినామో గుర్తు రాకపోవడం, చదివిన లైనే మళ్ళీ చదవడం, ఫోన్ మోగితే గుండె జల్లుమనడం, ఎవరైనా పలకరిస్తే విసుగు రావడం, పండక్కి ఊరికి పోదామంటే ఏదో సాకు వెతకడం. టీలు మూడు ఉండేవి ఏడెనిమిది అవుతాయి, బీడీ కట్ట ఒకటి రెండవుతుంది. ఇందులో ఒకటో రెండో ఎవరికైనా ఉంటాయి, అంతమాత్రాన కంగారు పడొద్దు. చూడాల్సింది మార్పు. ఆర్నెల్ల కింద మీరెట్లా ఉన్నారు, ఇప్పుడెట్లా ఉన్నారు అని. అది మీకు తెలీకపోతే ఇంట్లో వాళ్ళని అడగండి, వాళ్ళకి ఎప్పుడో తెలిసి ఉంటుంది, చెప్తే మీరు అరుస్తారని చెప్పి ఉండరు.

ఛాతీలో బరువుగా ఉంది, టెన్షనే అయ్యుంటుంది కదా?

ఆ మాట మీరు అనుకోవద్దు, నేనూ అనను. ఛాతీలో నొక్కేసినట్టు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లని చెమటలు, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవడమే. ఈసీజీ, డాక్టర్ రాసిన మిగతా పరీక్షలు చూసి ఏం లేదని డాక్టర్ తేల్చినాకే టెన్షన్ సంగతి. ఈ నొప్పికి గ్యాస్ మాత్ర అడిగితే నేను ఇవ్వను, తిట్టినా ఇవ్వను.

టెస్టులేమైనా చేయించుకోవాలా?

స్ట్రెస్‌కని రక్త పరీక్ష ఏమీ లేదు. కానీ స్ట్రెస్ లాగా నటించే జబ్బులున్నాయి, అవి లేవని తేల్చుకోవడానికి డాక్టర్లు కొన్ని రాస్తారు. థైరాయిడ్ ఎక్కువైతే గుండె దడ, చేతులు వణకడం, తక్కువైతే నీరసం, దిగులు. రక్తం తక్కువున్నా అంతే, మా వైపు ఆడవాళ్ళలో ఇది ఎక్కువ, రెండు మెట్లెక్కితే ఆయాసం వస్తే కూడా పని ఎక్కువైందిలే అనుకుంటారు. షుగర్, బీపీ, విటమిన్ బీ12 కూడా చూపించుకోవచ్చు.

బీ12 అంటే గుర్తొచ్చింది. టెన్షన్‌తో కడుపు మంట వస్తుంది, డాక్టర్‌ని అడక్కుండా పాంటోప్రజోల్ అనే గ్యాస్ మాత్ర రోజూ పరగడుపున వేసుకుంటారు, ఏళ్ళకేళ్ళు. అట్లా ఎక్కువ కాలం వాడితే బీ12 తగ్గే అవకాశం ఉంది, బీ12 తగ్గితే నీరసం, కాళ్ళు తిమ్మిర్లు, మతిమరుపు, అప్పుడు "నరాల వీక్‌నెస్‌కి ఏదన్నా ఇయ్యి" అని మళ్ళీ నా దగ్గరికే వస్తారు. తలనొప్పి మాత్రలదీ ఇట్లాంటి కథే, నెలలో సగం రోజులు మాత్ర మింగితే ఆ మాత్ర వల్లే తలనొప్పి రావడం మొదలవుతుంది. వ్యాపారం నాదే, అయినా చెప్తున్నా.

స్ట్రెస్ ఎంతుందో కొలిచేది ఏదన్నా ఉందా?

ఉంది. 1983లో షెల్డన్ కోహెన్, ఆయనతో పనిచేసినవాళ్ళు కలిసి తయారుచేసిన ప్రశ్నల పట్టిక ఒకటుంది, ఇప్పుడు ఎక్కువగా వాడేది పది ప్రశ్నలది. పోయిన నెల రోజుల్లో పనులు చెయ్యి దాటిపోతున్నాయని ఎన్నిసార్లు అనిపించింది, అనుకోకుండా ఏదో జరిగిందని ఎన్నిసార్లు మనసు చెదిరింది, ఇట్లాంటివి. సున్నా నుంచి 40 దాకా మార్కులు వస్తాయి. అదేం పరీక్ష కాదు, పాస్ ఫెయిల్ ఉండదు, రోగం పేరు చెప్పదు. నెలకొకసారి రాసుకుంటే పెరుగుతోందా తగ్గుతోందా తెలుస్తుంది, అంతవరకు పనికొస్తుంది.

రైతులకీ, ఆడవాళ్ళకీ, చదువుకునే పిల్లలకీ ఒకే రకంగా వస్తుందా?

కారణం వేరు, కనిపించే తీరు వేరు. మా అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే, శెనక్కాయ వేసేది జూన్ జూలైలో, విత్తనాలు భూమిలో వేసినాక ఆకాశం వైపు చూసే ఆ నెలన్నర మా షాపులో నిద్ర మాటలు ఎక్కువ వినపడతాయి. రైతు "నాకు దిగులుగా ఉంది" అని చచ్చినా అనడు. నడుము నొప్పి అంటాడు, ఆకలి లేదంటాడు, నలుగురు కూర్చున్న రచ్చకట్ట దగ్గరికి పోవడం మానేస్తాడు. ఆ మానేయడమే గుర్తు.

ఆడవాళ్ళు తలనొప్పి, ఒళ్ళు నొప్పులు అంటారు. ధర్మవరం నుంచి ఒక అక్క వస్తుంది, ఇంట్లో మగ్గం ఉంది, పొద్దంతా కండెలు చుట్టి మధ్యలో వంట చేసి రాత్రి అందరూ పడుకున్నాక తను కూర్చుంటుందంట, "అదొక్కటే నా టైమప్పా, అప్పుడేమో ఊరికే ఏడుపు వస్తుంది" అనింది. భర్త పక్కనే ఉన్నాడు, అప్పుడే మొదటిసారి విన్నట్టు చూసినాడు.

పిల్లలకి పొద్దున స్కూల్ టైముకే కడుపునొప్పి వస్తుంది, ఆదివారం రాదు. ఇంటర్ పిల్లలకి, పోటీ పరీక్షలకి రూముల్లో ఉండి చదివే పిల్లలకి జుట్టు రాలుతుంది, ఆయిల్ అడుగుతారు. ఏ నూనె మంచిదో చెప్పేముందు ఎన్ని గంటలు పడుకుంటున్నావమ్మా అని అడుగుతా, నాలుగు అంటారు.

ఒక్క నిద్ర మాత్ర ఇయ్యప్పా, ఈ ఒక్కరోజుకే.

ఇవ్వను. ఆల్ప్రజోలామ్ లాంటివి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, చీటీ చూసి అమ్మినా డాక్టర్ పేరు, పేషెంట్ పేరు రిజిస్టర్లో రాసి ఆ రిజిస్టర్ మూడేళ్ళు దాచాలి. అది చట్టం. దానికన్నా పెద్ద సంగతి ఏందంటే అవి అలవాటైపోతాయి, కొన్ని వారాలకే ఒకటి చాలదు, సడన్‌గా ఆపితే ముందుకన్నా ఎక్కువ దడ, ఒక్కోసారి ఫిట్స్ కూడా. ఆల్కహాల్ తాగినప్పుడు ఆ మాత్రలు వేసుకుంటే ఊపిరే మందగించొచ్చు. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఇది చదివి ఈ రాత్రి నుంచే ఆపేయొద్దు, రాసిన డాక్టర్ దగ్గరికి పోతే మెల్లగా తగ్గిస్తారు. ఇంకొంతమంది దడ తగ్గే మాత్ర, ప్రొప్రనలాల్, పేరు చెప్పి అడుగుతారు, ఎవరో ఫ్రెండ్ చెప్పినాడంట. ఆస్తమా ఉన్నవాళ్ళకి అది ప్రమాదం, ఆ ఫ్రెండ్‌కి తెలీదు.

మాత్ర లేకుండా మరేం చేయాలి?

ముందు ఊపిరి. నవ్వుతారు దీనికి, "ఇదేనా" అని. నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, అంటే నిమిషానికి ఆరు శ్వాసలు, అట్లా ఐదు నిమిషాలు. బయటికి వదిలేది పొడుగ్గా ఉంటే వేగస్ అనే నరం గుండెకి నెమ్మది అని చెప్తుంది. టెన్షన్ వచ్చినప్పుడే మొదలుపెడితే కుదరదు, ఈత నేర్చుకునేది బావిలో పడినాక కాదు కదా, రోజూ పడుకునేముందు చేస్తుంటే అవసరమైనప్పుడు పనికొస్తుంది.

రెండోది రాయడం. అప్పుల టెన్షన్ ఉన్నోళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే, ఒక నోట్‌బుక్ తీసుకొని ఎవరికి ఎంత, వడ్డీ ఎంత అని రాయండి. నెలకి నూటికి రెండు రూపాయలు అంటే చిన్నగా వినిపిస్తుంది, ఏడాదికి 24 శాతం, నూటికి ఐదు అంటే 60 శాతం. రాస్తే ఏది ముందు కట్టాలో కనపడుతుంది, తలలో ఉంటే అన్నీ కలిసి ఒక్కటే కొండలాగా ఉంటాయి. రాసినంతమాత్రాన అప్పు తీరదు, ఒప్పుకుంటా, కానీ మూడు గంటలకి లేచి వేసే లెక్క సాయంత్రం ఆరుకి కాగితం మీద వేస్తే రాత్రికి కొంచెం తగ్గుతుంది. లోన్ యాప్‌లోళ్ళు ఫొటోలు పంపిస్తామని బెదిరిస్తుంటే అది మీ ఒక్కరి తలనొప్పి కాదు, నేరం, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పొచ్చు.

టీ సంగతి. కాఫీ టీల్లో ఉండే కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, సాయంత్రం ఆరుకి తాగిన టీ రాత్రి పదకొండుకి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత మానేసి వారం చూడండి.

నడక. వారానికి 150 నిమిషాలు అంటారు, రోజుకి అరగంట లెక్కన ఐదు రోజులు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్లోనో ఇంటి వీధిలోనో ఎక్కడైనా సరే, ఫోన్ ఇంట్లో పెట్టి పోతే మేలు. పొలం పని చేసేవాళ్ళకి నడక కొదవ లేదు, వాళ్ళకి కావాల్సింది మనిషితో మాట. ఎండాకాలం మాత్రం పొద్దున్నే పోండి, మా ఊరి ఎండల్లో పది గంటలకి నడిస్తే ఉన్న టెన్షన్‌కి వడదెబ్బ తోడవుతుంది.

ఒక క్వార్టర్ వేస్తే నిద్ర పడుతుంది కదా?

పడుతుంది. నడిరేయి దాటినాక లేపేస్తుంది కూడా. రాత్రి రెండో సగం నిద్రని చెడగొడుతుంది, మరుసటి రోజు దడ, దానికి మళ్ళీ క్వార్టర్.

గుడికి పోతే తగ్గదా?

తగ్గొచ్చు, ఎందుకు తగ్గదు. గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి మొహర్రంకి హిందువులూ ముస్లిములూ అందరూ పోతారు, పోయి వచ్చినోళ్ళ మొహాలు చూడండి, తేలిగ్గా ఉంటాయి. నలుగురితో కలిసి నడవడం, మొక్కుకోవడం, ఏడవాలనిపిస్తే ఎవరూ ఏమీ అనుకోకుండా ఏడవగలగడం, ఇవన్నీ మందులాంటివే. నేను వద్దనేది ఒకటే, గాలి సోకిందని చెప్పి వేలకు వేలు లాగి, వేసుకునే మందులు ఆపమనేవాళ్ళని నమ్మొద్దు. దేవుడూ డాక్టరూ ఒకరికొకరు అడ్డం రారు.

మా ఇంటాయన మారిపోయినాడు, అడిగితే కసురుకుంటాడు. ఎట్లా మాట్లాడాలి?

"నీకేమైంది" అని అడగొద్దక్కా, తప్పు చేసినావా అన్నట్టు వినపడుతుంది. చూసింది చెప్పండి, "వారం నుంచి నువ్వు సరిగా పడుకోవడం లేదు, నేను చూస్తున్నా" అని. ఎదురెదురుగా కూర్చొని కాకుండా బండి మీద పోతూనో శెనక్కాయలు ఒలుస్తూనో అడిగితే మగవాళ్ళు మాట్లాడతారు, కళ్ళల్లోకి చూడాల్సిన పని లేదు కాబట్టి. చెప్పడం మొదలుపెట్టినాక సలహా ఇవ్వొద్దు. పక్కింటోళ్ళతో పోలిక అసలొద్దు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పోవాలి, యాడికి పోవాలి?

రెండు వారాలు దాటినా తగ్గకపోతే, పనికి పోలేకపోతుంటే, తిండి నిద్ర రెండూ పోతే, ఉన్నట్టుండి ఊపిరాడనట్టు భయం పదేపదే వస్తుంటే పోవాలి. అనంతపురం, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, చీటీ రాయించుకొని పోవచ్చు. అంత దూరం పోలేనివాళ్ళు 14416కి ఫోన్ చేయండి, టెలీమానస్ అంటారు, 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఫ్రీ, రాత్రి పగలు ఎప్పుడైనా, తెలుగులోనే మాట్లాడతారు.

ఇట్లాంటి వైద్యం పెద్ద సిటీల్లోనే ఉండాలని ఏం లేదు. 1980లలో బెంగళూరులోని నిమ్హాన్స్ అనే మనసు జబ్బుల ఆసుపత్రి వాళ్ళు మన పక్కనున్న బళ్ళారి జిల్లాలోనే చేసి చూపించినారు, మామూలు పీహెచ్‌సీ డాక్టర్లకి ట్రైనింగ్ ఇస్తే మనసు జబ్బులకి అక్కడే వైద్యం చేయొచ్చని. దాన్ని చూసే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పెట్టినారు. అంటే మా అనంతపురానికి ఆనుకునే దారి పడింది.

పోతే పిచ్చోడంటారు కదా?

అంటారు, కొంతమంది. బీపీకి మాత్ర వేసుకునేవాణ్ణి ఏమీ అనరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాలి, ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా మిగతా జబ్బుల్లాగే దీనికీ కవర్ ఇవ్వాలి. ఊరి నోటికి చట్టం లేదు, అది మాత్రం నిజం.

బతకాలని లేదని ఎవరైనా అంటే?

ఊరికే అంటున్నాడులే అని వదలొద్దు. "చచ్చిపోవాలనిపిస్తుందా" అని సూటిగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుల మందు డబ్బాలు ఉంటే ఆ రోజే తీసి వేరే వాళ్ళ ఇంట్లో పెట్టండి, ఇది శానా ముఖ్యం, ఆ ఆలోచన గట్టిగా ఉండేది కొద్దిసేపే, ఆ కొద్దిసేపు డబ్బా చేతికి అందకపోతే ప్రాణం నిలబడుతుంది. 14416కి వాళ్ళ పక్కన కూర్చొని మీరే కలపండి. అప్పటికే ఏదన్నా తాగి ఉంటే 108. కేసు అవుతుందని భయపడి దాచొద్దు, అదే 2017 చట్టంలో ఉంది, అట్లా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్షించకూడదు అని.

ఇంత చెప్తున్నావు, నీకెప్పుడూ రాలేదా అన్నా?

వచ్చింది. షాపు పెట్టిన నాలుగో ఏట అప్పు చేసి స్టాక్ ఎక్కువ తెచ్చినా, అమ్ముడుపోలా, ఎక్స్‌పైరీ దగ్గర పడింది. రాత్రి షట్టర్ వేసి తాళం లాగి చూసి ఇంటికి బయల్దేరేవాణ్ణి, టవర్ క్లాక్ దాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసేవాణ్ణి. ఒక్కోరోజు రెండుసార్లు. నాకది జాగ్రత్త అనిపించేది. మా ఆవిడ ఒకరోజు "అరగంట లేటు ఎందుకవుతుంది రోజూ" అని నిలదీస్తే చెప్పినా, నవ్వుతుందనుకున్నా, నవ్వలేదు. మరుసటి రోజు నుంచి మూసే టైముకి తనే వచ్చి తాళం తను వేసి తాళంచెవి తన పర్సులో పెట్టుకునేది. నెల రోజులు అట్లే చేసింది. ఆ నెలలోనే డిస్ట్రిబ్యూటర్‌తో మాట్లాడి సగం స్టాక్ వాపసు ఇచ్చినా. ఇప్పుడు కూడా లెక్కలు తిరగబడిన వారం చెయ్యి తాళం దగ్గరికి రెండోసారి పోతుంది, అప్పుడు ఇంటికి పోంగానే చెప్పేస్తా.